ఇంటింటా తిరిగే జపమాల

ఏడుకొండలవాడి దారిలో ఓ చిన్న ఊరు. చుట్టుపక్కల కొద్దిపాటి క్యాథలిక్ కుటుంబాలు. వాళ్లని ఒక్కటిగా కలిపి ఉంచేది జెండాలూ తేరులూ ఉండే పెద్ద పండగలేనని అనుకుంటాం. కానీ ఆ పని చేస్తున్నది చీకటిపడ్డాక ఏదో ఒక ఇంటి ముందుగదిలో వినిపించే జపమాల. మూడొందల ఏళ్ల చరిత్ర చెప్పేదీ అదే!

తిరుపతి నుంచి రేణిగుంట దాటి చెన్నై రోడ్డు పట్టుకుంటే పుత్తూరుకన్నా ముందు వచ్చే ఊరు వడమాలపేట. ఈ రోడ్డుకి యాత్రికులు కొత్త కాదు. తమిళుల పెరటాసి నెల... అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకూ పసుపు బట్టలు కట్టుకుని, గోవింద నామాలు చెప్పుకుంటూ నడిచొచ్చే భక్తులు బారులు తీరుతారు. మండలంలోని అప్పలాయగుంటలో అభయహస్తంతో ప్రసన్న వేంకటేశ్వరుడు, కాస్త అవతల నారాయణవనంలో కల్యాణ వేంకటేశ్వరుడు. ఏ దిక్కు చూసినా వేంకటేశ్వరుడే.

సరిగ్గా అదే రోజుల్లో ఈ చుట్టుపక్కల కొన్ని ఇళ్లలో మరో యాత్ర మొదలవుతుంది. క్యాథలిక్కులకు అక్టోబరు జపమాల మాసం. సాయంత్రం పొలం పనీ, అంగడి పనీ ముగించుకుని అందరూ ఒక ఇంట్లో చేరతారు. ముందుగదిలో చాపలు పరుస్తారు. స్టూలు మీద తెల్లటి గుడ్డ వేసి, మరియమాత స్వరూపాన్ని నిలబెడతారు. బంతిపూలో కనకాంబరాలో మాలగా వేస్తారు. రెండు కొవ్వొత్తులు, నాలుగు అగరొత్తులు... అంతే. గుడి సిద్ధమైనట్టే!

ఇంటి పెద్దావిడ ముందు సగం చెబుతుంది. మిగతావాళ్లంతా వెనక సగం అందుకుంటారు. అలా యాభైమూడుసార్లు. మధ్యలో పరలోక జపం, త్రిత్వస్తోత్రం. చివర్లో ఒకరి జ్వరం గురించీ, ఇంకొకరి అబ్బాయి ఉద్యోగం గురించీ, ఆసుపత్రిలో ఉన్న పక్కింటివాళ్ల గురించీ పేరుపేరునా వేడుకుంటారు. ఆపైన ఇంటివాళ్లు పెట్టే గుగ్గిళ్లో, బొరుగులో తిని, టీ తాగి ఎవరిళ్లకు వాళ్లు వెళ్తారు. మర్నాడు స్వరూపం మరో ఇంటికి బయల్దేరుతుంది. నెల తిరిగేసరికి ఎవరింట్లో ఏ కష్టం ఉందో, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో, ఎవరికి సాయం కావాలో అందరికీ తెలిసిపోతుంది. జపమాల అసలు మహిమ అక్కడే ఉందంటారు పెద్దవాళ్లు.

చదువు రానివాళ్ల గ్రంథం

జపమాల మనకి కొత్తదేమీ కాదు. రుద్రాక్ష, తులసి మాలల్లో 108 పూసలుంటాయి. ముస్లింల తస్బీలో 99 లేదా 33. క్యాథలిక్కుల మాలలో 59. అందులో 53 మంగళవార్త జపానికి, మిగిలిన ఆరూ పరలోక జపానికి. వేళ్లు పూసల్ని లెక్కపెడుతుంటే మనసు మాత్రం క్రీస్తు జీవితంలోని ఘట్టాల్ని ఒక్కొక్కటిగా తలచుకోవాలి. వాటినే దేవరహస్యాలంటారు. సోమ, శనివారాల్లో సంతోష రహస్యాలు. మంగళ, శుక్రవారాల్లో దుఃఖ రహస్యాలు. బుధ, ఆదివారాల్లో మహిమ రహస్యాలు. గురువారం చెప్పుకునే వెలుగు రహస్యాల్ని పోప్ రెండో జాన్‌పాల్ 2002 అక్టోబరులో చేర్చారు.

అసలీ లెక్క ఎలా పుట్టింది? బైబిల్లో కీర్తనలు 150. మధ్యయుగాల ఐరోపా మఠాల్లో సన్యాసులు వాటిని చదివేవారు. మరి చదువురాని రైతులు, కూలీలు ఏం చెయ్యాలి? కీర్తనకి బదులు ఒక చిన్న జపం, దాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఒక పూస. అలా 150 జపాల మాల తయారైంది. అందుకే జపమాలకి ‘పేదల కీర్తనల గ్రంథం’ అని పేరు. అక్షరం ముక్క రాకపోయినా పర్లేదు, పక్కన కూర్చుని వింటే వచ్చేస్తుంది. అక్టోబరు 7న జపమాల మాత పండగ చేయడం 16వ శతాబ్దంలో మొదలైంది. నెలంతా జపమాలకే అంకితం కావాలని పోప్ పదమూడో లియో 1883లో పిలుపునిచ్చారు.

పుంగనూరులో తొలి అడుగు

ఐరోపాలో పుట్టిన ఈ మాల సీమ పల్లెల్లోకి ఎలా వచ్చింది? దానికి జవాబు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఉంది. పుదుచ్చేరి కేంద్రంగా పనిచేసిన ఫ్రెంచి జెస్యూట్ గురువులు ‘కర్ణాటక మిషన్’ పేరిట తెలుగు నేల మీద అడుగుపెట్టారు. 18వ శతాబ్దం తొలి ఏళ్లలోనే పుంగనూరు చేరారు. అక్కణ్నుంచి అనంతపురం ప్రాంతంలోని కృష్ణాపురం, కన్నడ సీమలోని చిక్కబళ్లాపురం దాకా విస్తరించారు. వాళ్లు కాషాయం కట్టారు. మాంసం మానేశారు. సన్యాసుల్లా బతికారు. తెలుగు, సంస్కృతం నేర్చుకున్నారు. ఇక్కడి కరవులూ పాలెగాళ్ల తగాదాలూ పండగలూ అన్నిటి గురించీ వాళ్లు స్వదేశానికి రాసిన ఉత్తరాలు పారిస్‌లో సంపుటాలుగా అచ్చయ్యాయి.

వాళ్లలో కొందరు చేసిన పని మతానికే పరిమితం కాలేదు. ఫాదర్ కల్మెట్ 1730లలో వేదాల ప్రతులు సంపాదించి ఫ్రాన్సు రాజు గ్రంథాలయానికి పంపారు. ఫాదర్ కేర్దూ (1691-1779) తెలుగు, సంస్కృత, ఫ్రెంచి పదాలతో నిఘంటువు కూర్చారు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకీ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాశారు. సర్ విలియం జోన్స్ అదే మాట చెప్పి పేరు తెచ్చుకున్నది దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత!

ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రని ‘వేదాంత రసాయనం’ పేరుతో తెలుగు కావ్యంగా రాశారు. పద్యాలు పండితులకు చేరాయి. పల్లెల్లో ఉన్నవాళ్లకు చేరినవి మాత్రం తెలుగులో నోటికి నేర్పిన జపాలు.

గురువులు లేని రోజులు

తర్వాత కథ మారిపోయింది. ఫ్రాన్సు, ఇంగ్లండుల మధ్య కర్ణాటక యుద్ధాలు, ఆపైన మైసూరు యుద్ధాలు. హైదర్ అలీ 1782 డిసెంబరులో కన్నుమూసింది చిత్తూరు దగ్గర సైనిక శిబిరంలోనే. ఈ గందరగోళానికి తోడు 1773లో పోప్ పద్నాలుగో క్లెమెంట్ జెస్యూట్ సభనే రద్దు చేశారు. కొత్త గురువులు రావడం ఆగిపోయింది. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ముసలివాళ్లై పోయారు. ఇంత పెద్ద ప్రాంతానికి మిగిలినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కరవులకీ యుద్ధాలకీ తాళలేక చాలా క్యాథలిక్ కుటుంబాలు ఆ శతాబ్దంలోనే రాయలసీమ వదిలి గుంటూరు సీమకు వలసపోయాయి. ఇప్పుడు ఏటా జులై 16న కార్మెల్ మాత ఉత్సవం జరిగే ఫిరంగిపురం అలాంటివాళ్లు స్థిరపడిన ఊళ్లలో ఒకటి.

మరి గుడి లేక, గురువు లేక ఆ విశ్వాసం ఎలా బతికింది? ఊళ్లో ఉపదేశి ఉండేవాడు. ఆదివారం నలుగురినీ పోగుచేసి జపం చెప్పించేవాడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గర కూర్చునేవాడు. పుట్టిన బిడ్డకి ప్రాణం మీదకి వస్తే తనే జ్ఞానస్నానం ఇచ్చేవాడు. ఇళ్లలో అమ్మమ్మలూ నాయనమ్మలూ పిల్లలకు జపాలు నేర్పేవారు. పూజ చెప్పడానికి గురువు కావాలి. జపమాలకి పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు!

గురువులు మళ్లీ వచ్చాక కూడా ఈ అలవాటు పోలేదు. దానికో కారణం ఉంది. 1960ల దాకా పూజ మొత్తం లాటిన్‌లోనే జరిగేది. గురువు పీఠం వైపు తిరిగి అర్థంకాని భాషలో చెబుతుంటే, జనం తమ మానాన తాము తెలుగులో జపమాల చెప్పుకునేవారు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో జనం భాషలో ఆరాధనకు అనుమతిచ్చింది. ఆ తర్వాతే తెలుగు పూజలు, తెలుగు పాటలు, డోలక్కులూ తాళాలూ గుళ్లోకి వచ్చాయి. కానీ ఇంట్లో తెలుగు జపం అప్పటికే రెండున్నర శతాబ్దాల పాతది.

పాలన పరంగా చూస్తే 1928లో నెల్లూరు మేత్రాసనం, దాన్నుంచి 1976లో కడప మేత్రాసనం ఏర్పడ్డాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లా క్యాథలిక్కులు కడప పరిధిలోకే వస్తారు. ఆ మేత్రాసనం కోసం 1992లో గురువుగా అభిషేకం పొందిన పూల ఆంథోనీ 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో తొలి కార్డినల్ ఆయనే, దళితుల్లోనూ ఆయనే తొలి. 2025 మేలో కొత్త పోప్‌ని ఎన్నుకున్నవాళ్లలో ఆయనా ఒకరు.

ఒక్కమాట. పుత్తూరు, తిరుపతి చుట్టూ కనిపించే చర్చిలన్నీ క్యాథలిక్కులవే అనుకుంటే పొరపాటు. 1865లో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ ఈ ప్రాంతంలో లూథరన్ సంఘాల్ని స్థాపించింది. క్యాథలిక్ గుడిని జనం ‘ఆర్‌సీఎం చర్చి’ అనే పిలుస్తారు. మరియమాత స్వరూపం, జపమాల, పునీతుల పండగలు ఉన్నాయంటే అది ఆర్‌సీఎం అని గుర్తు.

ఎదురుబొదురు యాత్రలు

పెరటాసి నెలలో తమిళనాడు నుంచి తిరుమలకు నడిచొస్తారు కదా... దానికి కొద్దిగా ముందు ఇక్కడివాళ్లు తమిళనాడు ప్రయాణమవుతారు, వేలాంగణి ఆరోగ్యమాత దగ్గరికి. ఆగస్టు 29న అక్కడ జెండా ఎగురుతుంది. సెప్టెంబరు 8న మరియమాత పుట్టినరోజుతో ఉత్సవం ముగుస్తుంది. కొందరు రైల్లో, కొందరు వ్యాన్లు మాట్లాడుకుని, మొక్కున్నవాళ్లు కాషాయ వస్త్రాలు కట్టి కాలినడకన వెళ్తారు.

పశువులు కాసే బాలుడిని పాలడిగిన తల్లి, మజ్జిగ అమ్మే కుంటి పిల్లాడికి కాళ్లిచ్చిన తల్లి, తుపానులో చిక్కుకున్న పోర్చుగీసు నావికుల్ని సెప్టెంబరు 8న ఒడ్డుకు చేర్చిన తల్లి... వేలాంగణి గురించి తరతరాలుగా చెప్పుకునే కథలివి. 1962లో పోప్ ఇరవైమూడో జాన్ ఆ గుడికి బసిలికా హోదా ఇచ్చారు. అక్కడికి వెళ్లిన సీమవాసికి ఏదీ కొత్తగా అనిపించదు. తలనీలాలు ఇస్తారు. హుండీలో కానుక వేస్తారు. మొక్కు తీర్చుకోవడానికి ఇసుక దారిలో మోకాళ్ల మీద నడుస్తారు. సంతానం కోసం ఊయల కడతారు. మతం వేరైనా మొక్కు భాష ఒక్కటే! అందుకే ఆ గుంపుల్లో హిందువులూ ముస్లింలూ కూడా ఉంటారు.

వేలాంగణి ఓ పెను విషాదాన్నీ చూసింది. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు. ఆదివారం పూజల కోసం వచ్చిన యాత్రికులు ఎందరో సముద్రపు ఒడ్డున ఉండగా సునామీ వచ్చిపడింది. వందలమంది ప్రాణాలు కోల్పోయారు. అయినా మరుసటి ఏడాది జెండా ఎగిరింది, యాత్రికులూ వచ్చారు.

అంత దూరం పోలేనివాళ్లకు విజయవాడ గుణదల ఉంది. 1924లో ఫాదర్ అర్లాటి కొండగుహలో లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవాలకు రెండు రాష్ట్రాల నుంచీ లక్షల్లో జనం వస్తారు.

పన్నెండు నెలల పంచాంగం

యాత్రలు ఏడాదికోసారి. మరి మిగతా రోజులు? క్యాథలిక్ ఇంటికి తనదైన పంచాంగం ఒకటుంటుంది.

డిసెంబరులో వాకిట్లో గడ్డితో పశువుల పాక కడతారు. బాలయేసు బొమ్మ పెట్టేది మాత్రం క్రిస్మస్ రాత్రే. ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో 1223లో పునీత ఫ్రాన్సిస్ ఏర్పాటు చేసిన పాకే దీనికి మూలం. ఫిబ్రవరి, మార్చిల్లో విభూది బుధవారం వస్తుంది. కిందటేడు మ్రానికొమ్మల ఆదివారంనాడు ఇంటికి తెచ్చుకున్న మట్టలనే కాల్చి, ఆ బూడిదతో నుదుట సిలువ గుర్తు పెడతారు. అక్కణ్నుంచి నలభై రోజుల తపస్సుకాలం. శుక్రవారాల్లో మాంసం ముట్టరు. పద్నాలుగు స్థలాల సిలువ మార్గం చేస్తారు. ఆ రోజుల్లో మిగిల్చిన డబ్బు పేదలకు వెళ్లాలన్నది నియమం.

ఈస్టరు తర్వాత మే మరియమాతకి, జూన్ యేసు తిరుహృదయానికి. ఆగస్టు 15 వచ్చిందంటే ఒకే రోజు రెండు పండగలు: మువ్వన్నెల జెండా వందనం, మరియమాత మోక్షారోపణ పూజ. నవంబరు 2 సమాధుల పండగ. ముందు రోజే కలుపు పీకి, సమాధులకు సున్నం కొడతారు. సాయంత్రం పూలు, కొవ్వొత్తులు. ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్లు క్రిస్మస్‌కి రాలేకపోయినా ఈ ఒక్కరోజుకి ఊరొస్తారు. కన్నవాళ్ల సమాధి దగ్గర దీపం పెట్టకపోతే మనసు ఊరుకోదు మరి!

పాత పాఠం... కొత్త పరీక్ష

గురువు లేని రోజులు మళ్లీ వస్తాయని ఎవరూ అనుకోలేదు. 2020 మార్చిలో వచ్చాయి. కరోనాతో గుళ్లు మూతపడ్డాయి. ఏప్రిల్ 12న ఈస్టరుని ఎవరిళ్లలో వాళ్లే చేసుకున్నారు. వేలాంగణిలో జెండా యాత్రికులు లేకుండానే ఎగిరింది. పూజని ఫోన్లో చూడొచ్చు, సత్ప్రసాదం ఫోన్లో అందదు. అప్పుడు మళ్లీ అక్కరకొచ్చింది జపమాలే. చెన్నైలో కొడుకు, బెంగళూరులో కూతురు, ఊళ్లో అమ్మ... ముగ్గురూ వీడియోకాల్‌లో ఒకే మాల చెప్పుకున్న ఇళ్లెన్నో. ఆ అలవాటు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ కొనసాగుతోంది.

కానీ అసలు పరీక్ష కరోనాది కాదు, రోజువారీ బతుకుది. పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ నగరాలకు వెళ్లిపోతున్నారు. దగ్గర్లోని కంపెనీల్లో చేస్తున్నవాళ్లకు షిఫ్టులు. ఒకరు ఇంటికొచ్చే వేళకి ఇంకొకరు బయల్దేరతారు. ఏడింటికి కొందరికి టీవీ సీరియల్, కొందరికి ట్యూషన్. నెలంతా రోజుకో ఇంటికి తిరగాల్సిన స్వరూపం కొన్ని ఊళ్లలో వారానికో ఇంటికి తిరుగుతోంది. ఇళ్లు తగ్గలేదు, సాయంత్రాలు తగ్గాయి.

భాషదీ అదే కథ. సరిహద్దు ప్రాంతం కాబట్టి కొన్ని ఇళ్లలో అమ్మమ్మ తమిళంలో చెబితే అమ్మ తెలుగులో అందుకుంటుంది. ఇంగ్లిషు మీడియం మనవడికి రెండూ చదవడం రాదు. జపాల పుస్తకం చేతిలో పెడితే తికమకపడతాడు. వాడికి ఈ సంప్రదాయం అందదేమో అన్నది పెద్దవాళ్ల బెంగ.

అయితే జపమాల పుట్టిందే చదవడం రానివాళ్ల కోసం. పుంగనూరు కాలంలో ముత్తవ్వలకి అక్షరాలు రావు. ఇప్పటి మునిమనవడికి వచ్చిన అక్షరాలు వేరు. అప్పుడైనా ఇప్పుడైనా నేర్చుకునే దారి ఒక్కటే... పక్కన కూర్చుని వినడం. వారం రోజులు వింటే వెనక సగం వచ్చేస్తుంది. నెల వింటే ముందు సగమూ వస్తుంది. కావాల్సింది పుస్తకం కాదు, పక్కన కూర్చోబెట్టుకునే మనిషి, ఓ పావుగంట తీరిక.

వచ్చే అక్టోబరులోనూ వడమాలపేట రోడ్డు మీద గోవింద నామాలు వినిపిస్తాయి. ఆ పక్కనే ఏదో ఇంట్లో కొవ్వొత్తి వెలుగుతుంది. ముందు సగం పెద్దావిడ చెబుతుంది. వెనక సగం అందుకునే గొంతుల్లో ఒక్క పసిగొంతు వినిపించినా చాలు. ఆ మాల మరో తరం చేతికి చేరినట్టే!